ఇర్మా కూనిరాగం

నా పాటని అప్పటికి తొమ్మిది బృందాలు పాడాయి. తొమ్మిదీ పాడుచేశాయి. పదో మనిషి నా కళ్ళెదుటే, సగం స్టేక్ నా నోట్లో ఉండగా, ఆ పనికి పూనుకుంది. ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పాట పేరు ‘రిసీడాలో వాన’. రాసింది నేను, వెండెల్ ప్రాట్. 1977 వేసవిలో హార్లో, వెబ్ అనే జంట పాడితే దేశమంతా ఊగిపోయింది. కార్లలో అదే, పెళ్ళిళ్ళలో అదే, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడా అదే. మెత్తటి గిటారు, మెత్తటి గొంతులు, విడిపోయిన ఇద్దరు, ఒక వాన.

ఆ తర్వాత మొదలైంది నా ఖర్మ. టల్సా నుంచి ఒక కౌబాయ్ టోపీవాడు వచ్చి ‘టల్సాలో వాన’ అని పాడాడు. లాస్ ఏంజెలెస్‌లో ఓ మూలనున్న రిసీడా పేట ఎవరికి తెలుసని లండన్ అమ్మాయొకతె ‘లీడ్స్‌లో వాన’ చేసింది. డిస్కోవాళ్ళు అసలు ఊరే తీసేసి ‘వాన వాన వాన’ అని చప్పట్లు కొట్టారు. మిన్నెసోటాలో నలభైమంది చర్చి బృందం నా రెండో చరణంలోని విస్కీని నిమ్మరసం చేసింది. ఒకరోజు సూపర్ మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే, నెత్తిమీద స్పీకర్లోంచి మాటలే లేకుండా వయొలిన్ల మీద వచ్చింది. ఉల్లిపాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

అంతమందీ ముట్టుకోకుండా వదిలింది ఒక్కటే. రెండో చరణం అయ్యాక వచ్చే కూనిరాగం. మాటల్లేని ఇరవై సెకన్లు. కౌబాయ్ అయినా, చర్చివాళ్ళయినా, చివరికి ఆ వయొలిన్లయినా దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు దించారు.

ఇక ఆ స్టేక్ హౌస్ సంగతి. వెంచురా బులవార్డ్ మీద ఉంది. 1979 డిసెంబరు, సాయంత్రం ఐదు గంటలు. బయట వాన పడుతోంది. నాలుగు చినుకులు రాలితే చాలు, మా లాస్ ఏంజెలెస్ జనం కారు నడపడం మర్చిపోతారు. రోడ్డంతా హారన్లు. లోపల నేను, నా పాటల పబ్లిషర్ లైల్ హాకెట్. మూల పియానో దగ్గర ఆకుపచ్చ గౌనులో ఒక అమ్మాయి నా పాటే పాడుతోంది. బాగానే పాడుతోంది. నిజానికి చాలా బాగా పాడుతోంది. ఊరి పేరు కూడా మార్చలేదు. ముచ్చటేసి ఫోర్కు పక్కన పెట్టాను.

సరిగ్గా కూనిరాగం దగ్గరికి వచ్చేసరికి నోరు మూసేసింది. ఎడం చెయ్యి పియానో మీదే ఉంచి, కుడి చేత్తో గ్లాసందుకుని నింపాదిగా నీళ్ళు తాగింది. భోంచేస్తున్నవాళ్ళు ఆగలేక తామే ‘ఊఁ ఊఁ’ అంటూ అందుకున్నారు. ఆవిడగారు గ్లాసు దించి, మూతి తుడుచుకుని, మూడో చరణం ఎత్తుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాట అయ్యీ అవగానే వెళ్ళి పియానో పక్కన నిలబడ్డాను.

“ఏమ్మా, మధ్యలో ముక్క మింగేశారేం?”

“దాహమేసింది.”

“పాట అయ్యాక తాగొచ్చుగా. ప్రాణమంతా అక్కడే ఉంది. అది తీసేసి పాడమని ఎవరు చెప్పారు మీకు?”

“ఉంచి పాడమని మాత్రం ఎవరు చెప్పారు? వెళ్ళి తినండి సార్, చల్లారిపోతుంది.”

“నేనెవరో తెలుసా?”

“స్టేక్ సగంలో వదిలేసి వచ్చినాయన.”

“ఈ పాట రాసింది నేను. వెండెల్ ప్రాట్‌ని.”

ఈ మాట అన్నాక మామూలుగా ఎదుటివాళ్ళు నోరెళ్ళబెడతారు. కాగితం రుమాలు తెచ్చి సంతకం పెట్టమంటారు. ఈ అమ్మాయి పియానో మూత మెల్లగా దించింది. పెద్ద నల్లటి కళ్ళు. ఆ కళ్ళతో నన్ను కింద నుంచి పైదాకా చూసింది. అంత కోపంలోనూ ఆ కళ్ళు బావున్నాయని అనిపించింది, అందుకు నా మీద నాకే చిరాకేసింది.

“ఓహో, మీరేనా? ‘దుఃఖం మాటలకందదు, అందుకే అక్కడ కావాలనే మాటలు రాయలేదు’ అని రేడియోలో సెలవిచ్చింది మీరేనా?”

“అవును. అందులో తప్పేముంది?”

“ఆవేళ మా అమ్మ బ్యూటీ పార్లర్లో రేడియో మోగుతోంది. మీ మాట విని చేతిలో దువ్వెన విరిచేశాను. కావాలని రాయకపోవడం కాదు సార్, మీరు మర్చిపోయారు. హార్లోవాళ్ళకి వినిపించే నమూనా పాడింది నేను. నేర్చుకోమని మీరు పంపిన టేపులో ఆ చోట వట్టి గిటారు ఉంది. తర్వాత మీ దగ్గు. తర్వాత ‘ఇక్కడి మాటలు సోమవారం పంపిస్తాను’ అని మీ గొంతు. సోమవారం వచ్చింది, మాటలు రాలేదు. స్టూడియో టైము అయిపోతోంది, ఏదో ఒకటి పాడి పడెయ్యమ్మా అన్నారు. పాడాను. ఆ ముక్క నాది. ఇక్కడ స్టేక్ తినేవాళ్ళ కోసం దాన్ని పాడను.”

నా గాలి మొత్తం తీసేసింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

“ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. ఎలా నమ్మను?”

“ఆ రోజు నాకు జలుబు. రాగం సగంలో ఊపిరి అందక, తియ్యకూడని చోట తీశాను. ఇంటికెళ్ళి వినండి. హార్లోగారు సరిగ్గా అక్కడే ఊపిరి తీస్తుంది. ఆ కౌబాయ్ అక్కడే తీస్తాడు. చర్చిలో నలభైమందీ కట్టగట్టుకుని అక్కడే తీస్తారు. అందరికీ ఒకేసారి జలుబు చేసిందా?”

ఈలోగా లైల్ వచ్చి నా చొక్కా పట్టుకుని లాగాడు. ఆమె లైల్‌ని చూసి తల పంకించింది.

“ఈయనకి తెలుసు. అడగండి. నమూనా టేపు డబ్బా మీద నా పేరు రాయలేదు, సరే, అది మీ పద్ధతి. కానీ ఇప్పుడు ఎక్కడికి ఆడిషన్‌కి వెళ్ళినా ఒకటే మాట. ‘హార్లోని కాపీ కొడుతున్నావమ్మా, సొంత గొంతు తెచ్చుకుని రా’ అంటున్నారు. నా గొంతు నాకే కాపీ అయింది. జనవరి రెండో తారీఖున టెలిఫోన్ ఆఫీసులో చేరుతున్నాను. అక్కడైతే ఏ నంబరు కావాలనే అడుగుతారు, గొంతు ఎవరిదని అడగరు.”

ఆమె పేరు ఇర్మా సెడియో అని బయటికి వచ్చాక వానలో నిలబడి లైల్ చెప్పాడు. చెప్పి, “మర్చిపో” అని కూడా చెప్పాడు.

మా పనిలో ఒక పద్ధతుంది. పాటని స్టార్ దగ్గరికి పంపేముందు పేరులేని గాయని ఒకరితో నమూనా పాడిస్తారు. టేపు డబ్బా మీద ఆమె పేరు రాయరు. వేరేవాళ్ళ పాట అనిపిస్తే స్టార్‌కి మనసొప్పదని. ఆ నమూనా విని, వినబడ్డదంతా స్వరాలుగా కాగితం మీద ఎక్కించడానికి ఇంకో మనిషి ఉంటాడు. ఏది పాట, ఏది గాయని కల్పించింది అని అతను అడగడు. దగ్గు తప్ప అన్నీ ఎక్కిస్తాడు. పాట రిజిస్టరయ్యేది ఆ కాగితం మీదే.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ కాగితం నా చేతికి వచ్చింది. పైన ‘మాటలు, బాణీ: వెండెల్ ప్రాట్’ అని ఉంది. మధ్యలో నేను కలలో కూడా కట్టని ఇరవై సెకన్ల రాగం ఉంది. ఎవరిదో అనుకున్నాను. బావుందనుకున్నాను. సంతకం పెట్టాను. ఆ తర్వాత రేడియోవాడు అడిగితే దుఃఖం, మాటలు అంటూ ఏవో కోతలు కోశాను. రెండేళ్ళు కోస్తూ కోస్తూ నేనే నమ్మేశాను.

ఇంటికి వెళ్ళి తొమ్మిది రికార్డులూ వరసగా పెట్టాను. కౌబాయ్ అక్కడే ఊపిరి తీశాడు. లీడ్స్ పిల్ల అక్కడే తీసింది. నలభైమంది చర్చివాళ్ళు తీసినప్పుడైతే గది తలుపు తెరుచుకున్నంత చప్పుడు. వయొలిన్లకి ఊపిరితో పనేముంది, అవి కూడా అక్కడ ఒక్క క్షణం ఆగాయి. నా మాటల్ని ఎవడిష్టం వచ్చినట్టు వాడు మార్చుకున్నాడు. ఆమె జలుబుని ఒక్కడూ మార్చలేదు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. ఆమె మీద కూడా కోపం వచ్చింది, అంత బాగా పాడినందుకు.

మర్నాడు లైల్ ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితం సవరించాలన్నాను.

“నీకేమైనా పిచ్చా వెండెల్? ఆ అమ్మాయి కూలి తీసుకుంది, రసీదు మీద సంతకం పెట్టింది. అయిపోయింది.”

“పాడినందుకు తీసుకుంది. బాణీ కట్టినందుకు కాదు.”

“ఆ పాటలో జనానికి గుర్తున్నదే ఆ ముక్క. అది నీది కాదని తేలితే నీకు మిగిలేదేంటో ఆలోచించావా? ఊరి పేరు. అది కూడా టల్సా అయింది.”

తలుపు ధడాల్న వేసి వచ్చేశాను గానీ, ఆ మాట ముల్లులా దిగబడింది.

రెండు రోజులు నాలో నేను పోట్లాడుకుని, మూడోరోజు బాయిల్ హైట్స్‌లో వాళ్ళమ్మ పార్లర్‌కి వెళ్ళాను. పొద్దున్న పదకొండు. నలుగురు ఆడవాళ్ళు హెయిర్ డ్రయర్ల కింద కూచుని ఉన్నారు. ఇర్మా ఒకావిడ జుట్టుకి క్లిప్పులు పెడుతోంది. నన్ను చూడగానే క్లిప్పు గట్టిగా బిగిసినట్టుంది, ఆవిడ ‘అబ్బా’ అంది.

వాళ్ళమ్మ సెడియోగారు కౌంటర్ వెనక నుంచి లేచింది. పొట్టి మనిషి. చూపు మాత్రం పొడుగు.

“ఎవరు కావాలి నాయనా?”

“నేను వెండెల్ ప్రాట్‌నండీ. ఇర్మాగారితో...”

“రేడియోలో అబద్ధం చెప్పిన అబ్బాయివా?”

నాలుగు డ్రయర్లూ టకటకా ఆగిపోయాయి. ఇలాంటి సంభాషణ వినబడకుండా జుట్టు ఆరబెట్టుకునే ఆడది ప్రపంచంలో లేదు.

“అవునండీ, ఆ అబ్బాయినే. క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను.”

ఇర్మా నావైపు తిరిగింది. “చెప్పు.”

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. నేనూ అలాగే దిగాను. “తప్పయింది ఇర్మా. ఇక నుంచి ఆ పాట మీద నాకొచ్చే దాంట్లో సగం నీకు...”

“నేనడిగానా?”

“అడగలేదు, కానీ...”

“నన్ను కొనడానికొచ్చావా? నలుగురి ముందు అబద్ధం చెప్పి, నా చెవిలో నిజం చెప్తావా? ఎక్కడ చెప్పావో అక్కడే చెప్పు. ఆ రేడియోలోనే, అదే టైముకి.”

“అలా చెప్తే నా సంగతేంటో తెలుసా?” నాకూ కోపం వచ్చింది. వచ్చాక ఆగలేదు. “రెండేళ్ళుగా ఆ పాట మీద బతుకుతున్నాను. తొమ్మిదిమంది పాడారు. నా మాటలు ఒక్కడంటే ఒక్కడు ఉన్నవి ఉన్నట్టు పాడాడా? అందరికీ కావలసింది నీ ముక్కే. అది పోతే నేను రాసింది వట్టి చిత్తుకాగితం. ఆ సంగతి నా నోటితో ఊరందరికీ చెప్పమంటున్నావు. నీకు సులువు.”

“సులువా? నా గొంతుతో నేను పాడితే దొంగ అంటున్నారు నన్ను. నీకు పోయేది పేరు. నాకు పోతున్నది గొంతు.”

 తల దించుకుని తలుపు దాకా వెళ్ళాను.

“ఇంకోటి విని వెళ్ళు,” అంది వెనక నుంచి. గొంతులో కోపం అలాగే ఉంది, కానీ కొంచెం తడబడింది. “నీ రెండో చరణం. ఆ పిల్లాడు బస్‌స్టాపులో తన కోటు అక్కడే మర్చిపోయినట్టు నటించి వదిలేసి వెళ్తాడే, ఆమెకి చలేస్తుందని. అది పాడుతుంటే నా గొంతు పట్టేసింది. జలుబొక్కటే కాదు. ఆ మాటలు చిత్తుకాగితమే అయితే నేను లాలలా అని పాడేసి ఇంటికొచ్చేదాన్ని. ఆ రాగం నీ మాటల్లోంచే వచ్చింది, మొద్దూ. నీ పాటలో నీ భాగమేదో కూడా నీకు తెలీదు.”

డ్రయర్ల కింద ఒకావిడ ముక్కు చీదింది.

నా మాటల గురించి రెండేళ్ళలో ఎవరూ అనని మాట అది. అన్నది నన్ను చూస్తేనే మండిపడే మనిషి. వానలో తడుస్తూ కారు దాకా నడిచాను. తాళం చెవి జేబులో వెతుకుతూ నిలబడిపోయాను. నేను ఈ అమ్మాయిని ప్రేమిస్తున్నాను. ఇంత అవమానం జరిగాక ఇదేం రోగమో నాకు అర్థం కాలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి రేడియో స్టేషన్‌కి వెళ్ళాను. మైకు దగ్గర అదే మనిషి, గిల్ మాసన్. నేనొచ్చానని సంబరపడిపోయాడు. పాట ఇంకో బృందం చేస్తోందట, పదోది, దాని గురించి మాట్లాడుకుందామన్నాడు. ఎర్రలైటు వెలిగింది.

“మిత్రులారా, మనతో వెండెల్ ప్రాట్. వెండెల్, ఆ కూనిరాగం కథ మళ్ళీ ఒకసారి చెప్పాలి. దుఃఖం మాటలకందదు అన్నారు చూడండీ...”

“అది అబద్ధం, గిల్.”

గిల్ చేతిలో కాఫీ అలాగే ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు. మాటలు రాయడం మర్చిపోయానని చెప్పాను. సోమవారం సంగతి చెప్పాను. కాగితం మీద నా పేరు చూసి నోరు మూసుకుని సంతకం పెట్టానని, ఇప్పుడు దాన్ని సవరిస్తానని చెప్పాను. “ఆ రాగం కట్టింది ఇర్మా సెడియో. హార్లోని ఇర్మా కాపీ కొట్టలేదు. హార్లోతో మొదలుపెట్టి తొమ్మిదిమందీ ఇర్మానే కాపీ కొట్టారు. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయిని గుమ్మంలోంచి వెనక్కి పంపినవాళ్ళు ఎవరైనా వింటుంటే, సిగ్గుపడండి. నేను పడుతున్నాను.”

స్టేషన్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మొదటి ఫోన్ లైల్‌ది. గిల్ విని, ఆ భాష ప్రసారం చెయ్యకూడదని పెట్టేశాడు. రెండో ఫోన్ ఎత్తి, నావైపు వింతగా చూసి, స్పీకర్‌కి కలిపాడు.

“నేను ఇర్మా సెడియోని.”

గిల్ గబగబా అందుకున్నాడు. “అమ్మా, ఊరంతా వింటోంది. ఒక్కసారి ఆ రాగం మీ గొంతులో...”

“నేనెందుకు పాడాలి? రెండేళ్ళు తనదన్నాడుగా, ముందు ఆయన్ని పాడమనండి.”

“ఇర్మా, నాకు రాదు,” అన్నాను.

“పాడు.”

పాడాను. నా గొంతు పాతకారు స్టార్టయినట్టు ఉంటుంది. మొదటి మలుపు దగ్గరే కిందకి జారిపోయాను.

“అక్కడ దిగకూడదు. పైకెళ్ళాలి,” అంది కటువుగా, వెళ్ళి చూపించింది. “మళ్ళీ.”

మళ్ళీ పాడాను. మళ్ళీ జారాను.

“చెవులున్నాయా నీకు? ఇలా.” ఇంకొంచెం పాడింది. “ఇక్కడ తొందరపడకు. వాన తగ్గిందో లేదోనని చెయ్యి బయటపెట్టి చూసుకుంటావే, అలా. ఇలా.”

తిడుతూ, దిద్దుతూ, ముక్క తర్వాత ముక్క పాడుతూ, తనకు తెలీకుండానే చివరిదాకా వచ్చేసింది. నేను ఎప్పుడో నోరు మూసేశాను. ఆఖర్న రాగమంతా ఒక్కసారిగా, మొదటి నుంచి, సరైన చోట ఊపిరి తీసి పాడింది. గిల్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. పాట తర్వాత పేర్లు చెప్పడం అతని అలవాటు. రికార్డు మీద బాణీ దగ్గర చూస్తే నా పేరొక్కటే ఉంది.

“ఇప్పుడు పాడింది ఎవరని చెప్పనమ్మా?” అన్నాడు.

“ఇర్మా సెడియో,” అంది. ఇంకా నెమ్మదిగా, మళ్ళీ అంది. “ఇర్మా సెడియో.”

ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. పోయిన పరువు ఎలాగూ పోయింది. “ఇర్మా, ఇంకో మాట. నువ్వంటే నాకిష్టం. ఇది కోసింది కాదు.”

అవతల డ్రయర్లు ఆగిపోయిన చప్పుడు వినిపించింది.

“నాకు నీ మీద కోపం,” అంది ఇర్మా. “పీకలదాకా ఉంది. చెప్పడానికి ఇన్ని రోజులా? ఇప్పుడప్పుడే తగ్గదు.”

అవతల ఫోను చేతులు మారింది. సెడియోగారి గొంతు. “అబ్బాయ్, దాని మాటకేం గానీ. దాని నాన్న మీద నాకు ముప్ఫై ఏళ్ళుగా కోపమే. ఐదుగురు పిల్లలు. సవరణ కాగితం ఏదో ఉంటుందంటగా, అది పట్టుకుని ఇటు రా. పోజోలే పులుసు కాచాను, వేడిగా ఉంది.”